అంచు నడిచే వైపు

శాంతా క్రోచేలో పుట్టినవాళ్లకు ముక్కు పనిచేయదని పీసావాళ్లు ఎగతాళి చేస్తారు. ఆర్నో నది ఒడ్డున ఉన్న ఆ ఊరి నిండా తోళ్ల కార్ఖానాలే. ఆ దారిన పోయే బయటివాళ్లు కారు అద్దాలు ఎక్కించుకుంటారు. ఊళ్లోవాళ్లు ఆ వాసనలోనే పెళ్లి విందులు చేసుకుంటారు.

ఒంబ్రెట్టా బాండెక్కీ పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఆమె తండ్రి నేదో ఒక కార్ఖానాలో తోళ్ల అంచులు కత్తిరించేవాడు. పదును చేసిన తోలు ఆరాక చుట్టూ అంచు బిగుసుకుపోయి, ముడతలు పడి, దేనికీ పనికిరాకుండా పోతుంది. నేదో తోలును బల్ల మీద పరిచి, వంకర కత్తితో ఆ అంచును ఒక్క ఊపున కోసి కింద పడేసేవాడు. చెప్పులూ సంచులూ అయ్యేది మధ్య తోలు. అంచు చెత్తబండి ఎక్కేది. పని మానేసే రోజు దాకా అతను చేసింది అదే.

కూతురు పీసాలో భౌతికశాస్త్రం చదివి డాక్టరేటు పుచ్చుకున్న రోజు, బంధువులంతా భోజనాలకు కూర్చున్నారు. నేదో గ్లాసు ఎత్తి, తాగకుండా ఆగాడు.

"ఇంతకీ దేని మీదే నీ పరిశోధన? అడిగినవాళ్లకి చెప్పాలి కదా."

"అంచుల మీద నాన్నా."

"దేని అంచులు?"

ఒంబ్రెట్టా ముందున్న రొట్టె ముక్కను కంచంలో పరిచి చెప్పింది. ఇలాంటి ఒక పలుచటి పొర ఉంటుంది. కంటికి కనిపించనంత పలుచన. దాన్లో ఎలక్ట్రాన్లు ఉంటాయి. దాన్ని విపరీతంగా చల్లార్చి, పెద్ద అయస్కాంతంలో పెడితే, మధ్యలో ఉన్నవన్నీ ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతాయి. ఎక్కడికీ పోవు. అంచున ఉన్నవి మాత్రం పూర్తి చుట్టు తిరగలేవు, గోడ అడ్డం వస్తుంది. గోడకు కొట్టుకుని, మళ్లీ కొట్టుకుని, అంచు వెంటే ముందుకు సాగిపోతాయి. అన్నీ ఒకే వైపుకు. వెనక్కి తిరగడమన్నది వాటికి లేదు. కరెంటు మోసేది ఆ అంచే.

"మధ్యలోది?"

"మధ్యలోది దేనికీ పనికిరాదు."

నేదో గ్లాసు కింద పెట్టాడు. "అంటే నేను జన్మంతా కోసి పారేసిన దాని మీద నువ్వు డాక్టరేటు చేశావన్నమాట. ముందే చెప్తే బస్తాల కొద్దీ తెచ్చిచ్చేవాణ్ణి కదే!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వి నవ్వి పొలమారారు. ఆ మాట బంధువర్గంలో ఏళ్ల తరబడి తిరిగింది.

డాక్టరేటు వచ్చింది గానీ కొలువు రాలేదు. ఆ కాలంలో పీసాలో భౌతికశాస్త్రం చదివినవాళ్లు సగం మంది ఉత్తరాది దేశాలకు వెళ్లారు, సగం మంది బడుల్లో చేరారు. ఒంబ్రెట్టా పరీక్ష రాసి, పొంతెదేరాలో ఒక సాంకేతిక పాఠశాలలో పంతులమ్మగా చేరింది. ఇంజన్లు విప్పడం తప్ప మరో ఆలోచన లేని కుర్రాళ్లకు పదేళ్లకు పైగా విద్యుత్తు పాఠాలు చెప్పింది. చెడ్డ ఉద్యోగం కాదు. పిల్లలు ఆమెకు భయపడేవారు, కొందరు ఇష్టపడేవారు కూడా. ప్రతి ఏడూ ఓమ్ సూత్రం చెప్పే పాఠం చివర, "ఇది అన్నిచోట్లా పనిచేయదు" అని ఒక మాట అనేది. "ఎక్కడ పనిచేయదు టీచర్?" అని ఎవరూ అడగలేదు. గంట కొట్టేది.

నలభై దాటాక ఆమె పాత ప్రొఫెసరు ఎగ్లె పుంతోని ఫోను చేసింది. రెండేళ్లకు ఒక గ్రాంటు ఉంది, వస్తావా అని. బడికి సెలవు పెట్టి ఒంబ్రెట్టా ల్యాబుకు తిరిగొచ్చింది.

వచ్చినప్పుడు అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఫురియో చెక్కరీని అనే అతనైతే మొదటిరోజే "పంతులమ్మ" అని పేరు పెట్టేశాడు. ఫురియో లివోర్నోవాడు. సముద్రపు ఊరివాడు, గొంతు పెద్దది. పీసాకూ లివోర్నోకూ మధ్య దూరం రైల్లో ఒక కునుకు తీసేంత కూడా లేదు గానీ, ఒకరినొకరు ఆడిపోసుకోవడం తాతల నాటి నుంచీ సాగుతోంది. ల్యాబులో చల్లార్చే యంత్రం చూసుకునేది అతనే. ద్రవ హీలియం నిండిన, మనిషంత ఎత్తు ఉక్కు పీపా అది. అడుగున అయస్కాంతం, దాని నడుమ కొలవాల్సిన పొర ముక్క, అదే శాంపిల్.

ఒంబ్రెట్టా తన శాంపిల్‌ను తానే గీసుకుంది. గోరు మీద పట్టే చిన్న పట్టీ. అంచు వెంట ఎలక్ట్రాన్లు రెండు వరుసల్లో నడిచేలా అయస్కాంతాన్ని సరిచేస్తారు. బయటి వరుస, లోపలి వరుస. ఈ రెండూ పక్కపక్కనే నడుస్తూ ఎంత దూరం పోతే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి? అసలు కలవకుండా పోగలవా? ఆమెకు కావలసింది ఇదే. అందుకోసం పట్టీ పై అంచున, కొలిచే కాంటాక్టు ముందు, అంటే తీగ పొరకు అంటుకునే చోటు ముందు, ఒక చిన్న తలుపు పెట్టింది. తలుపు తెరిస్తే రెండు వరుసలూ కాంటాక్టులోకి వెళ్తాయి. మూస్తే బయటి వరుస ఒక్కటే వెళ్తుంది, లోపలిది పక్కనుంచి దాటిపోతుంది.

అసలు ప్రయోగానికి ముందు ఒక సులువైన పరీక్ష ఉంది. రెండు వరుసలూ ఒకే మంచి కాంటాక్టు నుంచి బయలుదేరితే, రెండూ సమానంగా ఉంటాయి. అప్పుడు తలుపు తెరిచినా మూసినా ఒకటే అంకె రావాలి. పన్నెండు వేల తొమ్మిది వందల ఆరు ఓమ్‌లు. ఈ అంకె ఎవరి శాంపిల్‌లోనైనా ఒకటే, ఏ దేశంలోనైనా ఒకటే. పీసాలోనూ లివోర్నోలోనూ మనుషులు ఒప్పుకునే విషయం బహుశా ఇదొక్కటే. ల్యాబులో ఎవరి శాంపిల్‌లోనైనా ఆ అంకె నిలబడితే, మూలమీది కొట్టు నుంచి గుండ్రటి శనగపిండి రొట్టె మొత్తం తెప్పిస్తారు. చుట్టూ కరకరలాడే కొస ముక్క శాంపిల్ గలవాళ్లది. వేరేవాళ్లు చెయ్యి పెట్టకూడదు.

ఒంబ్రెట్టాకు తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఆ అంకె వచ్చేది. మూయగానే జారిపోయేది.

"ఏం పంతులమ్మా, ఏమంటోంది నీ శాంపిల్ ఈ పూట?" ఫురియో రోజూ వచ్చి అడిగేవాడు.

"మీ లివోర్నోవాళ్లలాగే ఉంది. నోరు తెరుచుకున్నంతసేపూ బాగానే ఉంటుంది, మూయమంటేనే వచ్చింది చావు."

"మా వాళ్లు నోరు మూశారని నీకెవరు చెప్పారు?"

నవ్వుకున్నా, ఇద్దరికీ విషయం అర్థమవుతూనే ఉంది. తలుపు మూస్తే అంకె మారుతోందంటే, రెండు వరుసలూ సమానంగా బయలుదేరడం లేదు. బయలుదేరే కాంటాక్టు చెడ్డదై ఉండాలి. లేదా అంచే చెడ్డదై ఉండాలి. అంచు మీద నడిచేవి వెనక్కి తిరగవు కాబట్టి, తప్పు ఎప్పుడూ అవి వచ్చిన వైపే ఉంటుంది. పోయే వైపు ఏం జరిగినా దాని సంగతి ఇక్కడికి చేరదు.

అవి ఏ వైపు నుంచి వస్తున్నాయన్నది అయస్కాంతం దిశను బట్టి ఉంటుంది. అందుకే పీపా మీద పాత టేపు ముక్క అతికించి, దాని మీద ఎర్ర సిరాతో బాణం గుర్తు గీసి ఉంది. ఆ బాణం ప్రకారం పై అంచున నడిచేవి ఎడమ కొస నుంచి వస్తాయి. ఆ సంగతి తెలిసే ఒంబ్రెట్టా ఎడమ కొసన రెండు కాంటాక్టులు పెట్టుకుంది, ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందని. కుడి కొసన ఒక్కటే పెట్టి, దాని మీద పెద్దగా శ్రద్ధ పెట్టలేదు. పోయే వైపే కదా అనుకుంది.

ఎడమ వైపు రెండో కాంటాక్టుకు మార్చి చూసింది. ఏమీ మారలేదు.

"అయితే అంచే పోయింది" అన్నాడు ఫురియో, ఈసారి ఎగతాళి లేకుండా. "చెక్కేటప్పుడు ఆసిడ్ ఎక్కువ తినేసిందేమో."

ఆ పొర ముక్క ల్యాబులో మిగిలిన ఆఖరిది. అలాంటిది మళ్లీ పెంచి ఇవ్వాలంటే ఆరు నెలలు పడుతుంది.

ఎగ్లె ఆమెను తన గదికి పిలిచింది. ఎగ్లె మాటల మనిషి కాదు. కిటికీ తీసి సిగరెట్టు ముట్టించింది, గోడమీద వద్దని బోర్డు ఉన్నా.

"కూర్చో. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు. జులైలో జర్మనీవాళ్లు ఇక్కడికొస్తారు, పీపా వాడుకునే వంతు వాళ్లది. ఈలోగా నీ అంకె నిలబడితే, గ్రాంటు పొడిగించమని నేను గట్టిగా అడగ్గలను. నిలబడకపోతే అడగడానికి నా చేతిలో ఏమీ ఉండదు."

"తెలుసండీ."

"బడివాళ్లకి ఎప్పట్లోగా చెప్పాలి?"

"ఈ నెలాఖరుకి. వస్తానో రానో చెప్పకపోతే ఉద్యోగం పోయినట్టే."

"స్థిరమైన ఉద్యోగం అది. పోగొట్టుకోకు." సిగరెట్టు బూడిద కిటికీ బయట దులిపి, "నీ పట్టీ బాగుంది. ఆలోచన బాగుంది. కానీ ఆలోచనకి ఎవరూ డబ్బివ్వరు" అంది.

ఒంబ్రెట్టా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. సెప్టెంబరులో మొదటి పాఠం ఏ తరగతికి చెప్పాలో ఆలోచన వచ్చింది. అది ఏడుపు కంటే అన్యాయంగా అనిపించింది.

ఆ వారంలోనే సాన్ రనియేరి దీపాల సాయంత్రం. పీసా పెద్ద పండుగ. నదికి రెండు వైపులా ఇళ్ల కిటికీల చుట్టూ, గోడల అంచుల వెంట, తెల్లటి చెక్క చట్రాలు బిగించి, గాజు గ్లాసుల్లో మైనపు దీపాలు పెడతారు. వీధిలైట్లు ఆర్పేస్తారు. పొద్దు గూకుతుంటే ఊరంతా నది గట్టుకే చేరుతుంది.

నేదో ఏటా వస్తాడు. ఆ ఏడూ వచ్చాడు. ఫురియో కూడా తగులుకున్నాడు.

"ఏమయ్యా, లివోర్నోవాడివి, మా పండక్కి వచ్చావేం?" అన్నాడు నేదో.

"ఏడాదికొక్కసారి మీ ఊళ్లో దీపం వెలుగుతుందంటే చూడ్డానికొచ్చానండీ."

"శాంతా క్రోచే మాది. పీసా వేరు."

"వాసనని బట్టి కనిపెట్టాను లెండి."

నేదోకు అతను నచ్చాడు. భుజం మీద ఒకటి చరిచాడు.

జనం తోసుకోకుండా ఉండాలని గట్టు మీద ఒక్కో వైపు ఒక్కో దిక్కుకే నడవనిస్తారు. ఈ గట్టున ఇటు, ఆ గట్టున అటు. మధ్యలో వంతెనలు. వచ్చినవాళ్లు వచ్చినట్టే సాగిపోవాలి, ఎదురు నడవడానికి ఉండదు. ముగ్గురూ ఒక దీపస్తంభం పక్కన ఆగారు. నేదోకు సోంపు బిళ్లలు కావాలి. కాగితంలా పలుచగా, కరకరలాడుతూ ఉండే ఆ బిళ్లలు తినకపోతే అతనికి పండుగ అయినట్టే ఉండదు.

"మీరుండండి. ఆ బండి ఎక్కడుంటుందో నాకు తెలుసు, ఇలా వెళ్లి అలా వచ్చేస్తా" అని ఎడమ వైపు జనంలో కలిసిపోయాడు.

చాలాసేపయింది. రాలేదు. ఫోను ఎత్తడు. ఒంబ్రెట్టా మునివేళ్ల మీద నిలబడి ఎడమ వైపే చూస్తోంది. తండ్రి పోయిన వైపు. జనం వీపులు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"ముసలాయన ఎవరితోనో కబుర్లేసుకుని ఉంటాడు" అన్నాడు ఫురియో.

"పడిపోయాడేమో అని నా భయం."

ఇంతలో కుడి వైపు నుంచి, వెనకనుంచి, కోపంగా ఒక గొంతు. "అటేం చూస్తావే, నేను ఇటు నుంచి వస్తుంటే?"

నేదో చెమటతో తడిసిపోయి ఉన్నాడు. చంకలో సోంపు బిళ్లల పొట్లం.

"నువ్వు అటు కదా వెళ్లావు!"

"వెళ్తే? అటు బండి లేదు. వెనక్కి తిరుగుదామంటే తిరగనిస్తేనా? ఆ యూనిఫారం పిల్ల ముందుకే పొమ్మంది. వంతెన దాటి, ఆ గట్టున మొత్తం నడిచి, మళ్లీ ఈ వంతెన ఎక్కి వచ్చా. బండి ఆ గట్టునుంది. ఈ ఏడు అన్నీ తిప్పేశారు. ఏటా ఈ గట్టున జనం అటు నుంచి ఇటు వచ్చేవాళ్లు. ఈసారి ఇటు నుంచి అటు పోతున్నారు. ఒక బోర్డు లేదు, చెప్పేవాడు లేడు. అడిగితే, 'మేం మార్చలేదు, ఎప్పుడూ ఇంతే తాతా' అంటుంది!"

ఫురియో నవ్వుతున్నాడు. ఒంబ్రెట్టా నవ్వలేదు. పొట్లం అందుకుని అలాగే పట్టుకుని నిలబడింది.

"ఏమైందే? బిళ్లలు నలిగిపోతాయి."

"ఫురియో" అంది. "వసంతంలో అయస్కాంతం కరెంటు పెట్టె బాగుచేయించుకొచ్చాం కదా. కేబుళ్లు తిరిగి బిగించింది ఎవరు?"

"మనిద్దరమే. నువ్వు పట్టుకున్నావు, నేను బిగించాను."

"ఏది ఏ వైపుదో ఎలా తెలిసింది?"

ఫురియో నవ్వు ఆపాడు. రెండూ నల్లటి లావు కేబుళ్లే. ఒకదాని ఎర్ర తొడుగు ఎప్పుడో ఊడిపోయింది. "అప్పుడు... ఏదో చూసే పెట్టాను" అన్నాడు నెమ్మదిగా.

"శాంపిల్ చల్లార్చిన మొదటిరోజు అంకె మైనస్‌లో వచ్చింది."

"వస్తే?"

"వస్తే ఏం చేస్తాం? ప్లగ్గులు అటూ ఇటూ మార్చాను. ప్లస్ అయింది. మర్చిపోయాను."

ఫురియో దీపస్తంభానికి ఆనుకున్నాడు. ఈ పనిలో ఉన్న ఎవరిని అడిగినా చెప్తారు, మైనస్ గుర్తు వస్తే కొలిచే పెట్టె దగ్గర రెండు ప్లగ్గులు తారుమారు చేస్తారు. ఎవరో తొందరలో తప్పుగా గుచ్చారనుకుంటారు, నూటికి తొంభైసార్లు జరిగేదీ అదే. అందుకే ఆ గుర్తును ఎవరూ పట్టించుకోరు. వీధిలో కుక్క మొరిగినట్టే. ఈసారి మాత్రం ఆ మైనస్ నిజంగానే ఏదో చెప్పింది. అయస్కాంతం తిరగబడింది, అంచు ఎదురు దిక్కున నడుస్తోంది అని.

"అయితే అవి వస్తున్నది ఎడమ నుంచి కాదు" అన్నాడు ఫురియో.

"కుడి కొస నుంచి. ఒకే ఒక్క కాంటాక్టు ఉన్న వైపు. మనం శ్రద్ధ పెట్టని వైపు."

నేదో ఇద్దరి ముఖాలూ చూసి, కూతురి చేతిలోంచి పొట్లం తీసుకున్నాడు. "మీ కబుర్లు అయ్యేలోగా నేను తింటాను."

మర్నాడు పండుగ. ల్యాబు మూసి ఉంటుంది. ఫురియో దగ్గర తాళం ఉంది. పొద్దున్నే ముగ్గురూ వెళ్లారు. నేదోను ఎవరూ రమ్మనలేదు, కానీ అతని దగ్గర దిక్సూచి ఉంది. పుట్టగొడుగుల కోసం అడవికి వెళ్లినప్పుడు వాడే పాత ఇత్తడి దిక్సూచి, ఎప్పుడూ కోటు జేబులోనే ఉంటుంది. దాన్ని ఇతరుల చేతికివ్వడు.

ఫురియో అయస్కాంతం బలాన్ని బాగా తగ్గించాడు. ఎక్కువ ఉంటే సూది పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. నేదో దిక్సూచిని పీపా పక్కన, నడుమెత్తున పట్టుకుని నిలబడ్డాడు, చర్చిలో కొవ్వొత్తి పట్టుకున్నంత భక్తిగా.

"పైకా, కిందకా?" అంది ఒంబ్రెట్టా.

"దిక్సూచి పైకీ కిందకీ చూపించదే. అడ్డంగా చూపిస్తుంది."

"పక్కకి తిప్పి, నిలువుగా పట్టుకో నాన్నా."

నేదో తిప్పాడు. సూది ఒకసారి వణికి, గిర్రున తిరిగి ఆగింది. పీపా బయట అయస్కాంతం గీతలు లోపలి వాటికి ఎదురు దిక్కున ఉంటాయి. ఒంబ్రెట్టా వేలితో గాల్లో గీసుకుంది, ఫురియో కాగితం మీద గీశాడు. ఇద్దరూ ఒకేసారి టేపు మీది ఎర్ర బాణం వంక చూశారు.

"తలకిందులు" అన్నాడు ఫురియో. ఆ తర్వాత లివోర్నో భాషలో రెండు మాటలన్నాడు. నేదో ఇష్టంగా విన్నాడు.

"శాంతా క్రోచేలో ఈ మాట ఇంకొంచెం పొడుగ్గా ఉంటుంది" అన్నాడు.

అయస్కాంతం బలాన్ని పూర్తిగా దించి, కేబుళ్లు విప్పి, తారుమారు చేసి బిగించారు. ఈసారి ఒంబ్రెట్టా ఒకదానికి ఎర్ర టేపు చుట్టింది. మళ్లీ పైకి ఎక్కించడానికి చాలా పొద్దు పట్టింది. తొందరపెడితే హీలియం మరిగి ఆవిరైపోతుంది. నేదో కుర్చీలో కునుకు తీశాడు.

అంకె మైనస్‌లో వచ్చింది.

ఒంబ్రెట్టా ఆ మైనస్ వంక చాలాసేపు చూసింది. ఆ తర్వాత లేచి, తను తారుమారు చేసిన రెండు ప్లగ్గులను మళ్లీ వాటి చోట్లలో గుచ్చింది. ప్లస్ అయింది. పన్నెండు వేల తొమ్మిది వందల ఆరు.

"మూయి" అన్నాడు ఫురియో.

"నువ్వు మూయి. నేను అంకె చూస్తాను."

ఫురియో మీట తిప్పాడు. తలుపు మూసుకుంది. అంకె కదలలేదు. ఒక నిమిషం చూశారు. తెరిచారు, మళ్లీ మూశారు. గోడకు కొట్టిన మేకులా అక్కడే ఉంది.

"నాన్నా, లే."

"వచ్చిందా?"

"వచ్చింది."

"కోయాల్సిన పని లేదుగా అంచు?"

"లేదు."

పండుగ కాబట్టి మూలమీది కొట్టు తెరిచే ఉంది. ఫురియో వెళ్లి రొట్టె మొత్తం తెచ్చాడు. కాగితం మీద వేడివేడిగా పొగలు కక్కుతోంది. కొస ముక్కను ఒంబ్రెట్టా ముగ్గురికీ విరిచి పెట్టింది. అది పద్ధతి కాదని ఫురియో అన్నాడు గానీ, తినకుండా మాత్రం ఉండలేదు.

ఎగ్లెకు మర్నాడు జరిగిందంతా జరిగినట్టు చెప్పారు, కేబుళ్లతో సహా, ప్లగ్గులతో సహా. ఫురియో నేల చూస్తూ నిలబడ్డాడు. ఎగ్లె గ్రాఫును కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది.

"మొదటిరోజు మైనస్ వచ్చిందా?"

"వచ్చిందండీ. నేనే ప్లగ్గులు తిప్పాను."

"నేనైనా తిప్పేదాన్ని. ముప్పై ఏళ్లుగా తిప్పుతూనే ఉన్నాను. వాటిలో ఎన్ని నిజమైన మైనస్‌లో దేవుడికే తెలియాలి." గ్రాఫును బల్ల మీద పెట్టింది. "జర్మనీవాళ్లకి ఒక వారం ఆగమని రాస్తాను. ఇప్పుడు అసలు ప్రయోగం చెయ్యి. రెండు వరుసల్నీ కావాలని ఎక్కువ తక్కువ చేసి వదులు. ఎంత దూరం విడివిడిగా నడుస్తాయో చూడు."

"మరి గ్రాంటు?"

"అడుగుతాను. ఇస్తారని మాటివ్వలేను."

విడివిడిగానే నడిచాయి. పట్టీ పొడుగునా, ఒకదాని పక్కన ఒకటి, కొస దాకా ఒకదానిలో ఒకటి కలవకుండా. ఒంబ్రెట్టా ఆశించినదానికంటే ఎక్కువ దూరం. చెడ్డ కుడి కాంటాక్టు అక్కడే, కొసనే ఉంది. దాన్ని ఎవరూ బాగుచేయలేదు. ఇప్పుడది పోయే వైపు కాబట్టి దాని చెడుతనం వెనక్కి రాదు.

నెలాఖరు నాటికి గ్రాంటు సంగతి ఇంకా తేలలేదు. ఒంబ్రెట్టా బడికి ఫోను చేసింది. ఆఫీసులో ఆమెకు పదేళ్లుగా తెలిసిన గుమస్తా ఎత్తింది.

"చెప్పండి టీచర్, వస్తున్నారా? తరగతులు వేసేస్తున్నారు ఇక్కడ."

"రావడం లేదు."

"అక్కడ ఖాయమైందా?"

"కాలేదు."

"కాకుండానే మానేస్తున్నారా! మీకేమైనా పిచ్చా టీచర్?"

"కొంచెం ఉంది" అంది ఒంబ్రెట్టా. "కొత్తగా వచ్చే టీచర్‌కి ఒక మాట చెప్పండి. ఓమ్ సూత్రం అన్నిచోట్లా పనిచేయదని పిల్లలకి చెప్పమనండి. గంట కొట్టకముందే చెప్పమనండి."

గ్రాంటు ఆగస్టు సెలవులకు ముందురోజు వచ్చింది, ఒక్క ఏడాదికి. ఎగ్లె మూడేళ్లు అడిగిందట. ఏడాది ఏడాదే.

పీపా మీది పాత టేపును ఫురియో పీకేశాడు. కొత్తది అతికించి, అదే దిక్కున కొత్త బాణం గీసి, దాని కింద సన్నటి అక్షరాలతో "పంతులమ్మగారి నాన్న దిక్సూచి ప్రకారం" అని రాశాడు. నేదో ఆ రోజు మర్చిపోయి వెళ్లిన దిక్సూచి కూడా అక్కడే మేకుకు వేలాడింది. అయస్కాంతం ముట్టుకున్న ప్రతిసారీ దాన్ని చూడాలని ల్యాబులో ఒక కొత్త పద్ధతి వచ్చింది. జర్మనీవాళ్లు దాన్ని ఫొటో తీసుకున్నారు.

అక్టోబరులో వానలు పడి అడవిలో పుట్టగొడుగులు లేచాయి. ఒకరోజు పొద్దున్న, పట్టీ మళ్లీ చల్లారుతుండగా, ఒంబ్రెట్టాకు ఫోను వచ్చింది.

"నా దిక్సూచి ఏదే?"

"పనిలో ఉంది నాన్నా."

"నేను అడవికి పోవాలి. తప్పిపోతే ఎవరు వెతుకుతారు?"

"లోపలికి పోకు. అంచు పట్టుకుని నడువు, తప్పిపోవు."

"అంచున ఏం దొరుకుతాయే! మంచివన్నీ మధ్యలోనే ఉంటాయి" అని కసిరి నేదో ఫోను పెట్టేశాడు.

ఒంబ్రెట్టా మేకుకున్న దిక్సూచిని ఒకసారి చూసుకుని, అయస్కాంతం మీట పైకి తిప్పింది.